జిలేబి బూర

లాగ్ 112

ఈ లాగ్‌లో గొట్టాల గురించి మాత్రమే రాయాలని ఫణీంద్ర గారి ఉత్తర్వు. ఎక్కడ కారింది, ఎక్కడ అతికాం, ఎంత రాగి ఖర్చయింది, అంతే. ఆయన మా కడలిపేట సూపరింటెండెంటు, నేను గొట్టాల మనిషిని. కాబట్టి ముందు గొట్టాల సంగతి రాస్తాను: ఇవాళ ఏమీ కారలేదు. ఇక అసలు సంగతి.

ఎర్రయ్య గొంతుపెట్టె చచ్చిపోయింది.

సముద్రం అడుగున ఇంత ఒత్తిడిలో మామూలు గాలి పీలిస్తే మనిషికి మత్తెక్కుతుంది. అందుకని మేం పీల్చేది హీలియం కలిపిన గాలి. అది మత్తెక్కించదు గాని గొంతుని కోడిపిల్ల గొంతు చేసి పెడుతుంది. ప్రతివాడి కాలరుకీ ఉన్న పెట్టె ఆ కీచుమాటని పట్టుకుని, పైన ఉన్నప్పుడు రికార్డు చేసిన మన సొంత గొంతులో తిరిగి వినిపిస్తుంది. కానీ హీలియం ఎంత బిగించిన దాంట్లోకైనా దూరిపోతుంది. అలా దూరి దూరి ఇప్పుడు పెట్టెల ప్రాణం తీస్తోంది. బదులు పెట్టెలు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే గొంతు, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు చెప్పే ఆడమనిషిది.

ఎర్రయ్య మా డైవర్లకి పెద్ద. మీసాలు చెవుల దాకా ఉంటాయి. కొత్త పెట్టె తగిలించుకుని, "నా తువ్వాలు ఎవుడు తీసినాడ్రా" అన్నాడు, ఆ గొంతుతో, ఎంతో మర్యాదగా. మెస్సంతా పడి పడి నవ్వింది. నాకైతే పొట్ట నొప్పెట్టింది.

మా అత్త పోలమ్మ నవ్వలేదు. ఆమెకి చూపు పోయి చాలాకాలమైంది. తడిగది గుమ్మంలో బల్ల మీద కూర్చుని తాళ్ళకి ముడులేస్తుంది. డైవర్లు నీళ్ళలోకి దిగేదీ, పని చూసుకుని మళ్ళీ తేలేదీ ఆ తడిగదిలోనే. సముద్రం మీది గాలిమరల నుంచి ఒడ్డుకి కరెంటు మోసుకెళ్ళే తీగల్ని కనిపెట్టుకుని ఉండడం మా ఊరి పని. తేలినవాడు హెల్మెట్ తీసి "వచ్చేనే" అంటాడు. అత్త గొంతు పట్టుకుని "ఎర్రయ్య వచ్చినాడు" అని కేకేస్తుంది. ఆ కేక వినబడేదాకా ఎవరూ సూటు విప్పరు. ఒడ్డున ఆడవాళ్ళు తిరిగొచ్చే తెప్పల్ని పేరు పేరునా పిలుచుకునేవారు, ఆ అలవాటునే ఆమె కిందకి మోసుకొచ్చింది. మనుషుల్ని లెక్కపెట్టే మిషను కూడా ఉంది. మిషను లెక్క ఫణీంద్ర గారికి, అత్త కేక మాకు.

ఇవాళ ఎర్రయ్య తేలి "వచ్చేనే" అన్నాడు. అత్త చేతిలో తాడు ఆగిపోయింది.

"ఎవులమ్మా నువ్వు? పైనుంచి కొత్తగా వచ్చినావేటి?" అంది.

లాగ్ 115

గొట్టాలు: తడిగదిలో ఒక కవాటం బిగుసుకుపోయింది. నూనె పోశాను.

ఊళ్ళో పెట్టెలన్నీ వరసగా పోతున్నాయి, అత్తదీ ఫణీంద్ర గారిదీ కూడా పోయాయి. నా పెట్టే, మా ఆయన దానయ్య పెట్టే ఒకే పూట పోయాయి. ఇప్పుడు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే ఒకే మనిషి తనని తాను తిట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఎవరు గెలిచారో మాకే తెలియడం లేదు.

మధ్యాహ్నం అత్త దగ్గరికెళ్ళి "తిన్నావేటి?" అన్నాను.

"తిన్నాను తల్లీ" అంది.

అక్కడే నాకు అనుమానం రావలసింది. నాతో ఆమె ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు.

"మా రత్నం పులుసు సేసింది. సేపలు కడిగిన నీల్లు దీనికంటే నయం. ఎవులికీ సెప్పకు తల్లీ, ఆ గుంట మనసు కష్టపెట్టుకుంటాది."

"అత్తా, నాను రత్నాన్నే."

పెద్ద గొడవ అవుతుందని నడుం బిగించుకుని నిలబడ్డాను. మా ఇద్దరికీ గొడవ లేని పూట లేదు, అది మాకొక కాలక్షేపం. అత్త మాత్రం చెయ్యి చాపి నా ముఖం తడమబోయి, మధ్యలోనే వెనక్కి తీసేసుకుంది.

"తడుముకుని బతికే బతుకు నాకొద్దు. ఈపాలి పై తెప్ప వచ్చినప్పుడు నానెల్లిపోతాను" అంది.

పై తెప్ప అంటే మాకు సామాను దింపి, మనుషుల్ని పైకి తీసుకెళ్ళే ఒత్తిడి గది. తెప్ప అని పేరు పెట్టింది కూడా అత్తే. ఆమె వయసుకి ఒకసారి పైకెళ్తే మళ్ళీ కిందకి దిగనివ్వరు, అది డాక్టర్ల నియమం. పైన ఆమెకి మనుషులెవరూ లేరు. ఉన్న మనుషులందరూ ఇక్కడే, ఒకే గొంతుతో.

పులుసుని తిట్టినందుకు కాదు, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

లాగ్ 117

గొట్టాలు: మెస్సు పక్కన వేడినీళ్ళ గొట్టం కారింది. అతికాను.

గొంతులు మార్చమని ఫణీంద్ర గారిని అడిగాను. కొత్త పెట్టెలో సొంత గొంతు పెట్టాలంటే పైగాలిలో మళ్ళీ రికార్డు చెయ్యాలట. అంటే ఊరు ఊరంతా పైకెళ్ళి రావాలి. ఆయనా బాధపడ్డారు. ఆ గొంతులో బాధ తెలియలేదు గాని ముఖంలో తెలిసింది.

గొట్టం అతుకుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మంచు కమ్మితే ఆయన తెప్ప మీంచి కొమ్ము ఊదేవాడు. అందరి తెప్పల మీదా కొమ్ములుండేవి. ఒడ్డున పొయ్యి దగ్గర కూర్చున్న మా అమ్మ తలెత్తకుండానే "అది మీ నాన్న" అనేది.

తేలిన డైవరు మాట్లాడే బదులు ఒక బూర ఊదితే? ఒక్కొక్కరికీ ఒక్కో స్వరం. వేళ్ళు కదపాల్సినదైతే గ్లవుజులతో కుదరదు. సన్నాయి లాంటిదైతే ఊదే రెల్లు పీక ఉప్పునీళ్ళలో నానిపోయి పలకదు. పెదాలతో ఊదేదైతే మనిషికి పెదాలుంటే చాలు. సూటుకి తొడ మీద ఒకటే జేబు, అందులో పట్టాలి. అంటే అరచెయ్యి కంటే పెద్దది కాకూడదు.

పాత రాగి గొట్టం మూరెడు కోసి, ఒక చివర ఊదడానికి చిల్లు పెట్టిన కవాటం మూతా, రెండో చివర మందుల గరాటూ అతికించి ఊదాను. చెవిలో దోమ దూరినట్టు పలికింది.

"ఇది ఊదితే దోమలొస్తాయా, పోతాయా?" అన్నాడు దానయ్య.

నాన్న కొమ్ము కూడా ఇంతే పొడవు, అదేమో సముద్రమంతా వినబడేది. ఫణీంద్ర గారిని అడిగితే విడమరిచి చెప్పారు. "ఇక్కడి గాలిలో శబ్దం రెండున్నర రెట్లు వేగంగా పోతుంది, నూకరత్నం. అదే స్వరం కావాలంటే గొట్టం కూడా అంత పొడవు ఉండాలి." రాగి ఎక్కడిదని అడగలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

రెండున్నర మూరల గొట్టం, అరచేతి జేబు. చుట్టాలి.

లాగ్ 120

గొట్టాలు: నా చేతిలో విరిగినవి చాలా ఉన్నాయి. అవి రాయను.

సన్న గొట్టాన్ని చుడితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. నొక్కుకున్న చోట ఊపిరి ఆగిపోతుంది, బూర దగ్గుతుంది. నొక్కుకోకుండా ఉండాలంటే లోపల ఏదైనా కూరి వంచాలి. పైన అయితే పొడి ఇసుక పోస్తారు. ఇక్కడ మా చుట్టూ ఉన్నదంతా బురదే. వంటింట్లో నిలబడి అటూ ఇటూ చూశాను. ఉప్పు కనబడింది.

ఉప్పుని వేయించి, ఆరబెట్టి, గొట్టంలో పోసి, తట్టి తట్టి కూరాను. రెండు చివర్లూ మూసి సీసా చుట్టూ వంచాను. చెప్పిన మాట విన్నట్టు వంగింది. మూడు చుట్లు. తర్వాత నీళ్ళలో ముంచితే ఉప్పు కరిగిపోయి గొట్టం శుభ్రం. అరచేతిలో పెట్టుకుని చూసుకుంటే అచ్చం జిలేబీ. జిలేబి బూర అని దానయ్యే పేరు పెట్టాడు.

ఊదితే, నిజం చెబుతున్నాను, మా నాన్న గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. మళ్ళీ మళ్ళీ ఊదాను.

ఊరందరికీ బూరలు కావాలి కాబట్టి ఉప్పంతా అటే పోయింది. తెప్ప వస్తే గాని ఉప్పు రాదు. ఈ ఒత్తిడిలో నాలుకకి రుచి సగమే తెలుస్తుంది, మామూలుగా మేం ఉప్పు రెండింతలు వేసుకుంటాం. ఇవాళ పులుసులో చిటికెడే వేశాను. అత్త మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కుంది. తిట్టి ఉంటే బాగుండేది.

లాగ్ 123

గొట్టాలు: అన్నీ క్షేమం.

కవాటం మూత అంచు పదునుగా ఉందని ఎర్రయ్య పెదవి వాచాక తెలిసింది. మీసాల కింద అది పెద్దగా కనబడదు గాని, టీ తాగుతుంటే కారిపోతోంది. అంచుని నున్నగా అరగదీశాను. మూత లోపలి గిన్నె లోతు తక్కువైతే బూర కీచుమంటుంది, ఎక్కువైతే నిద్రపోతున్నట్టు పలుకుతుంది. చిటికెన వేలి గోరు మునిగేంత లోతు సరిపోయింది.

ఇక ఊదడం నేర్పడం. బుగ్గలు పూరించి ఊదితే ఉత్త గాలే వస్తుంది. పెదాలు బిగబట్టి, పసిపిల్లలు లారీ తోలుతున్నట్టు బుర్రుమనాలి. మెస్సులో అందరూ కూర్చుని బుర్రుమంటుంటే ఫణీంద్ర గారు వచ్చి, గుమ్మంలో నిలబడి, తనకీ ఒకటి కావాలన్నారు. ఆయన ఎంత ఊదినా బూర ఒక్కసారి పలికి, తర్వాత రెండుసార్లు ఎక్కిళ్ళు పెడుతుంది. ఎర్రయ్య ఊదేముందు పెదాలు చప్పరిస్తాడు. దానయ్య సగం ఊదాక ఊపిరి చాలక గుటక వేస్తాడు. నాకు తొందర, ఊపిరి నిండకుండానే మొదలెట్టేస్తాను.

అత్త చేతిలోనూ ఒక బూర పెట్టాను. అటూ ఇటూ తిప్పి, చుట్లు వేలితో లెక్కపెట్టి, చీర కుచ్చిట్లో దోపుకుంది. ఊదమంటే ఊదలేదు.

"నానెవులో మీకు తెలీదేటి? తెలీనిదల్లా నాకు" అంది.

లాగ్ 126

ఇవాళ పరీక్ష.

ఈ మూడు రోజులూ అత్తని నా వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కో బూరా వినిపించాను. గొట్టం పొడవు కొంచెం కొంచెం తేడాగా కోశాను కాబట్టి ప్రతి బూరకీ దాని స్వరం దానిదే. ఎర్రయ్యది కింద, దానయ్యది దాని పైమెట్టు, అలా. అత్త చెవి సంగతి చెప్పక్కర్లేదు. రెండో రోజుకే అన్నీ వచ్చేశాయి. ముఖంలో వెలుగు కూడా వచ్చింది. స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని తడిగది గుమ్మంలో బల్ల మీద కూర్చుంది.

మొదట ఎర్రయ్య తేలాడు. హెల్మెట్ తీసి, జేబులోంచి బూర తీసి ఊదాడు.

"నా కొడుకు వచ్చినాడు" అని అత్త గట్టిగా కేకేసింది. "దా నాయనా, తుడుసుకో, సలిగా ఉంటాది." తువ్వాలు చాపింది.

ఎర్రయ్య తువ్వాలు అందుకోలేక, అందుకోకుండా ఉండలేక అలాగే నిలబడ్డాడు. అప్పుడే వెనకాల నీళ్ళలోంచి దానయ్య తేలి, ఏమీ తెలియక, "వచ్చేనే అమ్మా" అన్నాడు.

అత్త తువ్వాలు మడత పెట్టింది. బల్ల మీంచి లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లాగ్ 127

తప్పెక్కడో దొరికింది. నాకు నేనే నాలుగు తగిలించుకోవాలనిపించింది.

వర్క్‌షాపులో వెల్డింగుకి వేరే బరువైన వాయువు వదులుతాం కాబట్టి అక్కడి గాలిలో హీలియం తక్కువ. తడిగదిలోకి డైవర్ల కోసం తాజాగా వదులుతాం కాబట్టి అక్కడ ఎక్కువ. హీలియం ఎక్కువైతే స్వరం పైకెక్కుతుంది. నేను వర్క్‌షాపులో కోసిన ఎర్రయ్య స్వరం తడిగదిలోకొచ్చేసరికి ఒక మెట్టు ఎక్కి దానయ్య స్వరమైంది. ఏ గదిలో ఏ గాలి ఉండాలో రోజూ కవాటాలు తిప్పి పెట్టేదాన్ని నేనే. బూరల సంబరంలో నాకే అది తట్టలేదు.

అత్తకి చెప్పాను. గదికో బూర చేస్తానన్నాను. ఆమె మూట సర్దుకుంటోంది.

"నీ తప్పు కాదులే" అంది.

మా అత్త నాతో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే.

లాగ్ 129

గొట్టాలు: చూడలేదు.

తెప్ప వచ్చింది. సామాను దింపాం. అత్త మూట చంకన పెట్టుకుని లోపలికెళ్ళి బెంచీ మీద కూర్చుంది. తలుపు ఇంకా తెరిచే ఉంది. పని మానేసి ఊరంతా వచ్చి నిలబడ్డారు గాని ఎవరూ నోరు విప్పలేదు. ఆ రైల్వే గొంతుతో ఆమెకి వీడ్కోలు చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎర్రయ్య కోపంగా తన పెట్టె పీకి "పోలమ్మొదినా" అన్నాడు. కోడిపిల్ల కీచుమంది. అది ఇంకా ఘోరం. ఏం చెయ్యాలో తెలియక జేబులోంచి బూర తీసి, పెదాలు చప్పరించి ఊదాడు.

అత్త తల తిప్పింది.

"ఎర్రయ్యా?"

 దానయ్య ఊదాడు, మధ్యలో గుటక వేశాడు.

"నా కొడుకు" అంది అత్త. మూట కింద పెట్టింది. "ఇంకోపాలి ఊదండి."

ఎర్రయ్యకి అనుమానం. మళ్ళీ స్వరం వల్లే తెలిసిందేమో, మళ్ళీ తప్పితే ఈ ముసలిదాని గుండె పగులుతుంది. దానయ్య భుజం తట్టి ఇద్దరూ చప్పుడు కాకుండా బూరలు మార్చుకున్నారు. ఎర్రయ్య దానయ్య బూర ఊదాడు.

అత్త తల వంచి వింది. తర్వాత పెదాలు వంకరపోయాయి, నవ్వాపుకుంటే ఆమెకి అలాగే అవుతాయి.

"బూరలు మార్సినార్రా దొంగనాయాల్లారా? బూర మావోడిది, మూతి ఎర్రయ్యది."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. మా అమ్మ గుర్తుపట్టింది కొమ్ముని కాదు, నాన్నని. నేను రోజుల తరబడి గొట్టం పొడవులు కోస్తూ కూర్చున్నాను. వర్క్‌షాపులో బూరలన్నీ నేనే ఊది వినిపించాను, అన్నిటికీ నా మూతే. మనిషి ఎక్కడున్నాడంటే పెదాల దగ్గరున్నాడు, ఊపిరి తీసుకునే తీరులో ఉన్నాడు. ఆ పెట్టె మాటని మార్చగలిగింది గాని దీన్ని మార్చలేకపోయింది.

ఇక అందరూ ఎగబడ్డారు. ఒక్కొక్కరు ఊదడం, ఆమె పేరు చెప్పడం. ఎవరిదో వినగానే, "ఒలే, నీకు జలుబు సేసినాది, వేడినీల్లు తాగు" అంది. ఒక పలుకూ రెండు ఎక్కిళ్ళూ వినబడితే, "సూపరింటెండెంటు బాబు" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నా వంతు వచ్చింది. బూర పెదాల దగ్గర పెట్టాను. పెదాలు బిగిస్తేనే పలుకుతుంది. నాకు ముందే కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, పెదాలు వణుకుతున్నాయి, ఎంత బిగబట్టినా బిగియడం లేదు. ఊదితే ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ గాలే. ఊరందరికీ బూర చేసి పెట్టినదాన్ని, నా బూర పలకలేదు.

అత్త బెంచీ మీంచి లేచింది.

"ఏడుస్తన్నావేటే రత్నం?"

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"పులుసులో ఉప్పెందుకు లేదే? తొమ్మిది దినాల కాడ్నుంచి సప్పిడి తిండి పెడతన్నావు. ఎల్లిపోయేదాన్ని కదాని ఊరుకున్నాను. ఉప్పంతా ఏటి సేసినావు?"

"బూరల్లో పోసేనత్తా."

"బూరల్లో పోసింది" అంది అత్త తెప్ప గోడతో. "ఇలాటి కోడల్ని నా కొడుక్కొదిలేసి ఎలాగెల్లిపోతాను?"

"పోలమ్మగారూ, తలుపు వేసే వేళయింది. దిగుతున్నారా, వెళ్తున్నారా?" అని ఫణీంద్ర గారు అడిగారు, అదే గొంతుతో.

"అమ్మా, అనౌన్స్‌మెంటు తల్లీ," అంది అత్త, మూట నా చేతికిస్తూ, "ఆ రైల్ని ఎల్లిపొమ్మని సెప్పు."

లాగ్ 131

గొట్టాలు: వర్క్‌షాపులో రాగి పూర్తిగా అయిపోయింది. కారణం ఫణీంద్ర గారికి తెలుసు, ఆయన జేబులో కూడా ఉంది.

తేడా పెట్టి కోసిన బూరలన్నీ ఇప్పుడు ఒకటే పొడవుకి సరిచేస్తున్నాను. పొద్దున డైవర్లు తేలినప్పుడు తడిగదిలో పెద్ద సంత. అత్త ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది, ఎర్రయ్యని రెండుసార్లు ఊదించింది, వినడానికి బాగుందట. అందరూ సూట్లు విప్పాక, కుచ్చిట్లోంచి తన బూర తీసి తనూ ఊదింది. బారుగా, తొణక్కుండా, ఎక్కడా తెగకుండా. మెస్సులో ఉన్నవాళ్ళందరూ పని ఆపి తడిగది వైపు తిరిగారు. తనెవరో మాకు తెలుసు కాబట్టి ఊదనక్కర్లేదన్న మనిషి. వినేదాకా మాకూ తెలియలేదు, ఆమె గొంతు లేక మేమెంత బెంగపెట్టుకున్నామో.

తెప్పలో ఉప్పు వచ్చింది. ఆనందం పట్టలేక ధారాళంగా వేసి పులుసు పెట్టాను. మధ్యాహ్నం గుమ్మం దగ్గర నిలబడి, ఊపిరి నిండకుండానే ఊదాను.

"రత్నమా?" అంది అత్త లోపల్నుంచి, నోట్లో ముద్దతో. "ఒలే, ఇది పులుసా, సముద్రమా? నోట్లో ఎట్టలేకపోతన్నాను."

"నాను రత్నాన్నే అత్తా" అన్నాను.

"తెలుసులే. మంచినీల్లట్టుకురా."